టేపుకు లేని అడుగు

రోడ్డు అంచున గొంతుక్కూచుని టేపు కొసను బొటనవేలితో నొక్కి పట్టాడు. తారు అప్పుడే వేడెక్కుతోంది. పంతొమ్మిదేళ్ళుగా అతని పని ఇదే. ఊరి చివర ఎవరు ప్రకటనల బోర్డు పెడతామన్నా, అనుమతికి ముందు ఆఫీసువాళ్ళు వచ్చి కొలుస్తారు. అటు కొస సర్వేయరుది, ఇటు కొస ఇతనిది. సున్నా దగ్గర కూచుంటాడు కాబట్టి ఆఫీసులో అందరికీ అతను సున్నా. హాజరు పట్టీలో తప్ప అసలు పేరు ఎవరి నోటా లేదు.

తమాషా ఏమిటంటే ఆ టేపుకు సున్నాయే లేదు. ఎనిమిదేళ్ళ కిందట లారీ చక్రం ఎక్కి మొదటి అడుగు తెగిపోయింది. చెయ్యి లాక్కున్నాడు గనక వేళ్ళు మిగిలాయి. కొత్త టేపు కోసం రాసిన కాగితం ఏ బీరువాలో కుళ్ళుతోందో! పాత సర్వేయరు అటునుంచి అంకె చదవగానే ఇతను "ఒకటి పోను!" అని అరిచేవాడు. ఆయన ఒకటి తీసేసి రాసుకునేవాడు. అప్పట్నుంచి ఉద్యోగమంతా ఆ రెండు మాటలే. ఒక్కనాడు మరవలేదు.

ఇప్పుడు ఆయన స్థానంలో కొత్తాయన వచ్చాడు. నిన్న ఈ మలుపులో రోడ్డు అంచు నుంచి బోర్డు దాకా కొలిస్తే టేపు మీద ఇరవై వచ్చింది. ఇరవై అడుగులకు తగ్గితే అనుమతి లేదు. "ఒకటి పోను, సార్!" అని గొంతు చించుకున్నాడు. "వినపడింది లేవయ్యా," అని కొత్తాయన ఇరవై అనే రాసుకున్నాడు. బోర్డులాయన మీసాల్లో నవ్వుకున్నాడు. అనుమతి రాకముందే గుంటలు తవ్వి, ఇనుప కాళ్ళు నిలబెట్టి, రేకు కూడా బిగించేసిన ఘనుడు. ఆ రేకు వెనక నుంచి ఏ లారీ వచ్చినా మీదికి వచ్చేదాకా కనబడదు.

కుట్టు షాపులో పనిచేసే ఇతని భార్య సాయంత్రం ఈ మలుపులోనే బస్సు దిగి రోడ్డు దాటాలి. మొన్న తొంగిచూడబోతే లారీ విసురుకు చేతిలో టిఫిన్ డబ్బా ఎగిరి చక్రం కింద పడింది. నలిగిన డబ్బాను తెచ్చి అతని ముందు పడేసింది.

"ఇదిగో, మీవాళ్ళ కొలతల్లో దీన్ని కూడా రాసుకోమను."

నిన్న అతను ఆఫీసు నుంచి వచ్చి జరిగింది చెబితే, అతని సంచిలోంచి టేపు లాక్కుంది. "ఆ పోయిన అడుగేదో నేను కుడతా." ఆమె అంకెలు నేర్చింది నిరుడే. షాపు స్కేలు తీసి, తెల్లటి గట్టి గుడ్డ మీద అంగుళం అంగుళానికీ దారంతో గీత వేసి, పక్కన అంకె కుట్టింది. ఆరు తలకిందులై తొమ్మిది అయితే విప్పి మళ్ళీ కుట్టింది. మొదట్లో ఎర్రదారంతో గుండ్రంగా సున్నా.

"నీ పేరు," అంది, నవ్వకుండా.

రెండోసారి కొలిచి సరిచూడాలని రూలు కనక ఇవాళ మళ్ళీ వచ్చారు. ఇప్పుడు అతని బొటనవేలి కింద ఉన్నది ఆ సున్నాయే.

"పంతొమ్మిది!" అని అటునుంచి అలవాటుగా చదివేసి కొత్తాయన నాలుక కరుచుకున్నాడు. "పంతొమ్మిదేంటి? నిన్న ఇరవై కదా?"

ఇతనికి ఎనిమిదేళ్ళలో మొదటిసారి ఆ రెండు మాటలు అనాల్సిన అవసరం రాలేదు.

కొత్తాయన గబగబా వచ్చి చూశాడు. "ఏంటిది? ఆఫీసు టేపుకు రవికె గుడ్డ కుట్టించావా?"

"గుండీలు మర్చిపోయినట్టున్నాడు సార్," అన్నాడు బోర్డులాయన.

"అడుగు సరిపోయింది సార్. స్కేలు పెట్టి చూసుకోండి."

"నాకు చెప్పొచ్చావా?" కొత్తాయన లాగిన లాగుకు కుట్టు పటపటా తెగింది. గుడ్డను ఉండచుట్టి బోర్డు కాలి గుంటలో పారేశాడు. టేపు మళ్ళీ ఒకటి నుంచి మొదలైంది. కాగితం మీద మళ్ళీ ఇరవై పడింది.

ఆఫీసుకు తిరిగి వచ్చాక కొత్తాయన కాగితం అతని ముందుకు తోశాడు. కొలత కాగితం అడుగున టేపు పట్టినవాడి సంతకం ఉండాలి. అది లేకపోతే ఫైలు కదలదు. పంతొమ్మిదేళ్ళలో ఎన్ని కాగితాల మీద పెట్టాడో! ఎప్పుడూ ఎవరూ చదవలేదు. ఈసారి సంతకం పెట్టి, పక్కన పెద్ద అక్షరాలతో రాశాడు: ఒకటి పోను.

ఆఫీసరు పిలిపించాడు. "కాగితం పాడుచేశావు కదయ్యా!"

"కాగితం పాడైందని మీ ఏడుపు!" తన గొంతేనా అనిపించింది అతనికి. "పంతొమ్మిది అడుగుల్ని ఇరవై చేసింది ఎవరు? ఆ రేకు చాటున పోయేది అడుగు కాదు సార్. మనిషి. ఇవాళ ఒకటి, రేపు ఒకటి. అప్పుడు కూడా వీళ్ళే టేపు పట్టుకొస్తారు కొలవడానికి!"

ఆఫీసరు ఇంకో తెల్లకాగితం తీశాడు. "వాచ్‌మన్‌ని పిలవండి సంతకానికి. నువ్వు రేపటి నుంచి రానక్కర్లేదు."

వాచ్‌మన్ తల ఎత్తకుండా సంతకం పెట్టాడు. "ఏమనుకోకన్నా, పిల్లలు గలవాణ్ణి," అని గొణిగాడు. ఇతను టేపును మడతపడకుండా చుట్టి, బల్ల మీద పెట్టి, మెట్లు దిగాడు.

సాయంత్రం అతను మలుపు దగ్గరికి వచ్చేసరికి బోర్డు కాళ్ళ చుట్టూ సిమెంటు పోసి కూలీలు పారలు కడుక్కుంటున్నారు. బస్సు ఆగింది. భార్య దిగడం చూసి అతను రోడ్డు మధ్యకు వెళ్ళి చెయ్యెత్తి నిలబడ్డాడు. రేకు చాటు నుంచి వచ్చిన లారీ కీచుమంటూ ఆగింది.

"చావాలనుందా ముసలోడా?" అని డ్రైవరు బూతులు లంకించుకున్నాడు.

"నోర్ముయ్! ఆడమనిషి దాటుతోంది, కనబడటంలా?"

ఆమె దాటివచ్చి అతని మొహంలోకి చూసింది. "ఈ వేళప్పుడు ఇక్కడున్నావేం?"

"పని అయిపోయింది."

"ఇవాళ్టికా?"

అతను ఆమె చేతిలో సంచి అందుకున్నాడు.

"మరి రేపు?"

"రేపూ ఇక్కడే ఉంటా. నువ్వు దిగే వేళకి."

ఆమె అడిగింది, "నా గుడ్డేది?"

అతను బోర్డు కాలివైపు చూశాడు. తడి సిమెంటులో పదకొండు అంకెలూ కూరుకుపోయాయి. ఎర్రదారపు సున్నా మాత్రం పైకి తేలి ఉంది.