గాలి తగ్గేదాకా

పొద్దున ఎనిమిదిన్నరకు ద్రాక్ష తోట నడిమి వరసల్లో పదిహేడుమంది ఆడవాళ్ళు తీగలు కడుతున్నారు. ఆ వరసల్లోనే మందు కొట్టమని సూపర్‌వైజర్ కేకేశాడు.

పంపు మనిషి ట్యాంకు వీపునుంచి దించి నిలబడ్డాడు. తోటంతా అతన్ని పంపన్న అనే పిలిచేది. పదకొండేళ్ళుగా అతనిదే ఆ పని. ఆకు ఎన్ని గంటలు తడిసి ఉంటే బూజు తెగులు పడుతుందో, వానకు ఎంత ముందు కొడితే మందు ఆకును పట్టుకుంటుందో అతనికి కొట్టిన పిండి.

"గాలి బాగా ఉంది సార్. తగ్గేదాకా ఆగుదాం. లోపల మనుషులున్నారు."

"మధ్యాహ్నానికి వానంట. తెగులు పడుద్దని వాతావరణం పెట్టె ఎర్రలైటు వేసి గంటయింది. నీ గాలి తగ్గేసరికి తోట గంగలో కలుస్తుంది. కొడతావా, ఇంకొకణ్ణి పిలవనా?"

ఆ ఇంకొకడు ఆడవాళ్ళు పక్కకు తప్పుకునేదాకా కూడా ఆగడని పంపన్నకు తెలుసు. "గట్టు మీదికి పొండమ్మా, త్వరగా!" అని అరిచి ట్యాంకు ఎత్తుకుని, అవతలి చివర కొట్టడం మొదలుపెట్టాడు.

వాళ్ళు గట్టు చేరకముందే గాలి తిరిగింది. వాళ్ళలో అతని చెల్లెలూ ఉంది. తెల్లటి పొగమంచులాంటి మందు అన్న ముఖం మీదికే వెనక్కి రావడం ఆమె కళ్ళారా చూసింది. ముక్కుకు కట్టిన మాస్కులో గాలి వడకట్టే జల్లెడ ఎప్పుడో అట్టకట్టింది. కొత్తది కావాలని మూడుసార్లు అడిగాడు. నాలుగో వరసలో మోకాళ్ళ మీద కూలబడ్డాడు. గట్టు మీద ఆడవాళ్ళు కళ్ళు మంటలెత్తి, వాంతులు చేసుకుంటున్నారు.

మూడో రోజు ఆసుపత్రిలో పంపన్న పోయాడు. పాత ఊపిరితిత్తుల జబ్బు అని కాగితంలో రాశారు. ఆ పాత జబ్బు ఎక్కడినుంచి వచ్చిందో రాయడానికి అందులో గడి లేదు.

మర్నాడు అన్నాల వేళ కాయలు సర్దే షెడ్డులో అందరూ చేరారు. చెల్లెలికి ఏడుపు రావడం లేదు.

"ఇక ఈ తోటలో చుక్క మందు పడనివ్వం!" అంది ఒకామె.

కొమ్మలు కత్తిరించే కత్తెర తాత లేచాడు. "నోటికొచ్చినట్టు మాట్లాడకండి. తెగులు పడితే వారంలో తోట పోద్ది. అప్పుడు మనకు పనెవడిస్తాడు?"

"తాతా, మందు వద్దని నేనూ అనను," అంది చెల్లెలు. "మా అన్నే అననిచ్చేవాడు కాదు. పెట్టె చూసేది ఆకు కోసమేనా? ఆకు ఎంతసేపు తడిసిందో లెక్క చూస్తారే, అదే పెట్టె గాలి వేగం కూడా చెబుతుందిగా! అది చూడ్డానికి కళ్ళు లేవా వీళ్ళకి? గాలి ఉంటే పంపు ఎత్తం. వరసల్లో మనిషుంటే పంపు ఎత్తం. మంచి మాస్కు లేకపోతే ఎత్తం. అంతే."

"నిన్ను గెంటేస్తే?" అన్నాడు తాత.

"మనందర్నీ గెంటేసి యజమాని ఒక్కడే కొట్టుకుంటాడా?"

తాత మెల్లగా మళ్ళీ కూర్చున్నాడు.

పంపన్న పోయిన తొమ్మిదో రోజు మళ్ళీ మబ్బు పట్టింది. ఎర్రలైటు వెలిగింది. ఆకులు వెల్లకిలా తిరిగేంత గాలి. ట్యాంకుల చుట్టూ నలభైమంది నేల మీద కూర్చున్నారు. యజమాని కారు దిగి పరుగున వచ్చాడు.

"మీ పంతానికి నా తోట బలి కావాలా? లేవండి!"

"గాలి తగ్గితే మేమే కొడతాం. ఆ మూడు మాటలూ కాగితం మీద రాసి సంతకం పెట్టండి," అంది చెల్లెలు.

ఆయన సంతకం పెట్టలేదు. ఫోను తీశాడు.

గంటలో పోలీసు వ్యాను వచ్చింది. చెల్లెలి రెక్క పట్టుకుని లేపారు. ఆమె కూర్చున్న చోటు ఖాళీ అయిందో లేదో, అంతదాకా గట్టు మీదే నిలబడ్డ కత్తెర తాత నడుం పట్టుకుని మూలుగుతూ వచ్చి అక్కడ చతికిలబడ్డాడు.

"నీకెందుకు ముసలోడా?" అన్నాడు సూపర్‌వైజర్.

"కాళ్ళు నొప్పులు నాయనా," అన్నాడు తాత.

వ్యాను గేటు దాటుతుండగా చినుకులు మొదలయ్యాయి. చూస్తుండగానే తోటంతా తడిసింది. అయిదారు రోజుల్లో ఆ ఆకుల మీద నూనె చుక్కల్లా మచ్చలు లేస్తాయని ఆమెకు తెలుసు. అన్న పోయినప్పుడు రాని ఏడుపు అప్పుడొచ్చింది. వెక్కివెక్కి ఏడ్చింది.

పక్కనున్న ఆడ కానిస్టేబుల్ మెల్లగా అడిగింది. "భయమేస్తోందా?"

"లేదక్కా. ఆ తీగలు మా అన్న నాటినవి."

కానిస్టేబుల్ ముఖం తిప్పుకుంది. చెల్లెలు కళ్ళు తుడుచుకుని వెనక అద్దంలోంచి చూసింది. జోరువానలో నలభైమందీ అలాగే కూర్చుని ఉన్నారు. ఒక్కరూ లేవలేదు.