బాబాయి వాచీ వెనక మూత

మా పిన్ని నా వాచీల రిపేరు షాపులోకి వస్తూనే వాచీ బల్ల మీద పెట్టి, "ఇది అసలుదో డూప్లికేటో తేల్చి చెప్పవే" అంది.

ఆ వాచీ, చనిపోయిన మా బాబాయిది. ఆయనకి వాళ్ళ నాన్న ఇచ్చింది. మొన్న మాటల్లో బాబాయి అన్నగారు, "మావాడు అసలుది ఎప్పుడో అమ్ముకున్నాడు, నువ్వు దాచుకుంటున్నది డూప్లికేటు" అన్నాడట. బాబాయి పిన్ని దగ్గర ఏదీ దాచడని మా ఇంట్లో పేరు. ఆ మాట చెవిన పడ్డప్పటినుంచీ పిన్నికి అన్నం సహించట్లేదు.

ఆ పెద్దాయనంటే నాకు మొదట్నుంచీ ఒళ్ళుమంట. ఆయన నోరు మూయించాలనే వెనక మూత విప్పాను. లోపల కంపెనీ ముద్ర, దాని కింద నంబరు. భూతద్దంలో అక్షరాల అంచులు పదునుగా, లోతుగా కనిపించాయి. అచ్చు కొట్టిన ముద్ర అలాగే ఉంటుంది, నకిలీవాళ్ళు గీకేది పైపైనే.

"అసలుదే పిన్నీ. ఆయన్నొచ్చి చూసుకోమను" అనేశాను. పిన్ని కళ్ళు తుడుచుకుంది.

అనేశాక గానీ బాడీ చూడలేదు. నా నోటికి తొందరెక్కువ, ఏం చేస్తాం. పట్టీ తీసి, అది బిగించే కొమ్ముల మధ్య చూశాను. మూతలో ఉన్న నంబరే అక్కడా ఉండాలి. నంబరుంది, అది కాదు. అంకెలు వంకరటింకరగా ఉన్నాయి. మూత అంచున ఆకురాయి గీతలు. ఈ బాడీకి పట్టేలా ఎవరో పనిగట్టుకుని దాన్ని అరగదీశారు.

"ఏంటే, అలా అయిపోయావు?"

ఏం లేదందామని నోటిదాకా వచ్చింది. రేపు పెద్దాయన దీన్ని ఇంకో షాపుకి పట్టుకెళ్తే పిన్ని తలెత్తుకోలేదు. చెప్పేశాను. "మూతొక్కటే తాతగారిచ్చిన వాచీది. మిగతాదంతా డూప్లికేటు. అసలుది అమ్మేటప్పుడు మూత ఉంచేసుకుని, దీనికి బిగించుకున్నట్టున్నాడు బాబాయి."

పిన్ని మూత వంక చూసింది. "మూత లేకపోతే కొనేవాడు తక్కువకి అడుగుతాడేమో?"

"సగం కూడా ఇవ్వడు."

"అయినా ఆ తక్కువకే అమ్మేశాడన్నమాట మీ బాబాయి. అంత అవసరం ఏమొచ్చిందో."

నాకు బాబాయి మీద కోపమొచ్చింది, జాలీ వేసింది. మూతా పట్టీ బిగిస్తూ, "పెద్దాయనకేం చెప్తావు?" అన్నాను.

"అమ్మాడనే చెప్తాను. అందులో సిగ్గేముంది?" వాచీ తీసుకుని చేతికి పెట్టుకుంది. అది మోచేతి దాకా జారింది. "నా బంగారు గాజులున్నాయి కదే. ఒక్క మాట నన్నడిగితే ఏం పోయేది ఆయనకి?"

అక్కడే స్టూలు మీద కూర్చుని ఏడ్చింది. నేను షాపు తలుపు దగ్గరగా వేశాను.