మూడు అనేదాకా

పెద్దమ్మ కొడుక్కి నేను పెట్టుకున్న పేరు గుమ్మందొర. రోజూ పొద్దున్నే తల్లి గది గుమ్మంలో నిలబడి, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, "అమ్మా, ఎలా ఉన్నావ్?" అంటాడు. జవాబు వచ్చేలోగా మెట్లు దిగిపోతాడు. మాటలు కోటలు దాటుతాయి, కాలు గడప దాటదు అని పెద్దలు ఊరికే అనలేదు. ఇలాంటి దొరనే చూసి అని ఉంటారు.

పెద్దమ్మ నాకు చుట్టం కాదు. పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయిన మనిషి. ఇలాంటివాళ్ల ఇళ్లకి వెళ్లి స్నానం, బట్టలు, తిండి చూసుకోవడం నా ఉద్యోగం. మా సేవాసంస్థ ఆఫీసువాళ్లు పంపిస్తారు, వెళ్తాను. ఆమెను మంచం మీంచి కిటికీ దగ్గరి కుర్చీలోకి మార్చడానికి మా ఇద్దరికీ ఒక పద్ధతి ఉంది. పాదాలు నేలకి ఆనించి, నడుముకి బెల్టు కట్టి, నా మోకాళ్లతో ఆమె మోకాళ్లకి ఆపు పెడతాను. అంకెలు మాత్రం ఆమే చెప్పాలి. మూడు అన్నప్పుడే లేస్తుంది. అనకపోతే క్రేను తెచ్చినా లేవదు. ఒంట్లో సత్తువ ఉన్నన్నాళ్లూ బస్సు కండక్టరుగా చేసింది మరి. బండి ఎప్పుడు కదలాలో ఇంకొకరు చెబితే ఒప్పుకోదు.

ఆఫీసు మేడమ్ ఏడాదికోసారి వచ్చి, ఏ ఇంటికి మనిషి అవసరమో చూసి వెళ్తుంది. ఇంట్లోనే చూసుకునేవాళ్లుంటే మమ్మల్ని తీసేసి, ఎవరూ లేనివాళ్ల దగ్గరికి పంపుతుంది. ఆ సంగతి గుమ్మందొరకి ముందే చెప్పాను. వింటేగా! ఆయన చెవులకి ఆయన మాటే ఇంపు.

మేడమ్ వచ్చిన రోజు ఇస్త్రీ చొక్కాలో సిద్ధమయ్యాడు. పరాయి మనిషి ముందు గొప్పలు మానతాడా?

"స్నానం నేనే చేయిస్తానండీ. ముద్ద నేనే పెడతాను. లేపడం, కూర్చోబెట్టడం అన్నీ నేనే. అమ్మని ఇంకొకరి చేతుల్లో పెట్టే రకం కాదు నేను. ఈవిడా? ఏదో కబుర్లకి వస్తూ ఉంటుంది."

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ ఇంట్లో అమ్మ సబ్బు ఎక్కడుంటుందో కూడా తెలియదు ఆయనకి.

మేడమ్ ముఖం వెలిగిపోయింది. "ఇలాంటి కొడుకుండగా మా మనిషి ఎందుకండీ? వచ్చే వారం నుంచి ఈమెను వేరే ఇంటికి పంపిస్తాం."

అప్పుడు చూడాలి దొరగారి ముఖం. తాను తీసిన గోతిలో తానే పడ్డాడు. అబద్ధమని ఒప్పుకోవడానికి నోరు రాలేదు. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే భయమేసింది. ఆయనకి పోయేదేముంది? లేపే దిక్కు లేకపోతే ఆ మంచంలోనే ఒళ్లు పుళ్లు పడేది పెద్దమ్మకి. నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను. పెద్దమ్మ ఎడమచేయి ఎత్తి ఆపింది.

"మేడమ్‌గారూ, నన్ను కిటికీ దగ్గర కూర్చోబెట్టేదాకా ఉండి వెళ్లండి. మావాడు రోజూ చేసే పనేగా."

దొరగారి కాలు గడప దాటింది. వచ్చీ రాగానే పడిపోయిన చేయి పట్టుకుని లాగబోయాడు.

"ఆ చేయి కాదు బాబూ!" అని అరిచాను.

వంగి నడుము చుట్టూ చేతులు వేశాడు. పెద్దమ్మ ఎడమచేయి ఆయన మెడ చుట్టూ వేసింది. బెల్టు తలుపు వెనకే వేలాడుతోంది.

"ఒకటి," అంది పెద్దమ్మ. "రెండు."

అక్కడితో ఆగిపోయింది. ఆయన లాగాడు. ఆమె కదల్లేదు. మళ్లీ లాగాడు. ఇస్త్రీ కాస్తా నలిగిపోయింది. మేడమ్ ఆయన్నీ, బెల్టునీ మార్చి మార్చి చూసింది.

"నువ్వు ఇక్కడే ఉండమ్మా. ఆ ఇంటికి ఇంకొకరిని చూస్తాం," అని నాతో చెప్పి వెళ్లిపోయింది.

గండం గడిచింది. అయినా పెద్దమ్మ తన మంచి చేయిని కొడుకు మెడ మీంచి తియ్యలేదు.

"అమ్మా, ఆవిడ వెళ్లిపోయింది. నాకు నడుం పట్టేస్తోంది. మూడు అనవే."

"అంటాలే. ఇన్నాళ్లకి లోపలికొచ్చావు. కాసేపు ఉండు."

నాకేమీ జాలి కలగలేదు, సాయానికీ వెళ్లలేదు. ఆయన రుమాలు జేబులోనే ఉంది. తీసుకోవడానికి చేయి ఖాళీ లేదు.