ఆయన పేరు మీద వెళ్ళిన ప్రెస్ నోటు

ఖాళీ సీసాను మళ్ళీ ఫ్రిజ్‌లో పెట్టిందెవరని అడిగాను, అంతే. మా ఆయన ల్యాప్‌టాప్ మీంచి తలెత్తి, "ఈ ఇంట్లో నీళ్ళు తాగడం కూడా నేరమేనా?" అన్నారు.

"తాగడం కాదండీ, నింపకపోవడం."

"నింపుతాలే. ఊరికే ప్రాణం తీయకు."

"ఒరే, అది సీసా సంగతి అడిగితే నువ్వు ప్రాణం దాకా పోతావేంట్రా?" అంది అత్తయ్య.

ఆయన మళ్ళీ ల్యాప్‌టాప్‌లో తల దూర్చారు. మామూలుగా అయితే తల్లికి దీటుగా ఏదో ఒక చెణుకు విసిరేవారు. గొడవ సీసాది కాదని నాకు అర్థమైంది.

ఆయనది కంపెనీల తరఫున పత్రికలకు ప్రెస్ నోట్లు పంపే ఉద్యోగం. ఇరవై రెండేళ్ళుగా అదే పని. ఒకప్పుడు రోజుకు రెండో మూడో రాసి, ఒక్కోదాన్ని నాకు చదివి వినిపించేవారు. నేను నొసలు చిట్లించిన చోట మార్చేవారు. పంపాక విలేకరులకు ఫోన్ చేసి, వాళ్ళ పిల్లల చదువులు అడిగి, ఆ తర్వాతే నోటు సంగతి ఎత్తేవారు.

ఇప్పుడు నోట్లు సాఫ్ట్‌వేరే రాస్తుంది. ఈయన చూసి బటన్ నొక్కాలి. రోజుకు నలభై. ఒక్కోదానికి ఎన్ని సెకన్లు తీసుకున్నారో మేనేజరుకు కనిపిస్తుంది. ఎక్కువైతే పేరు పక్కన ఎర్ర గుర్తు పడుతుంది. ఫోన్లు చేయడం పాతకాలపు చాదస్తమట.

మధ్యాహ్నం భోజనాల దగ్గర అసలు విషయం బయటపడింది. మొన్న ఒక బొమ్మల ఫ్యాక్టరీలో మంటలు లేచి ముగ్గురు పనివాళ్ళు ఆస్పత్రి పాలయ్యారు. ఆ సంగతి చెబుతూ పత్రికలకు వెళ్ళిన నోటు, "ఈ విషయం ప్రకటించడానికి మా సంస్థ ఎంతో సంతోషిస్తోంది" అని మొదలైంది. కొత్త షోరూములు తెరిచినప్పుడు వాడే వాక్యం అది. కింద మా ఆయన పేరు, నంబరు.

"పొద్దున్నే ఒక విలేకరి ఫోన్ చేశాడు. 'ఏం గురూ, స్వీట్లు ఎప్పుడు పంచుతున్నారు?' అని అడిగాడు. ఇరవై ఏళ్ళ స్నేహం మాది."

"ఆఫీసువాళ్ళు ఏమంటున్నారు?"

"సీనియర్ ఉద్యోగి పొరపాటని పత్రికలకు వివరణ ఇవ్వాలట. అదీ నేనే రాసి, ఇవాళ మూడింటికల్లా ఆఫీసుకు పంపాలట. సాఫ్ట్‌వేర్ ఊసెత్తకూడదు. వచ్చే నెల దాన్ని బయట అమ్మకానికి పెడుతున్నారు."

"బాగుంది! చేసిందొకరు, చెంపలేసుకునేది ఇంకొకరూనా?" అంది అత్తయ్య.

నేను మాత్రం ఊరుకోలేకపోయాను. "మీరు చదివారా, లేదా?"

ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "నాలుగు సెకన్లు."

"అంటే చదవలేదన్నమాట."

"చదవలేదు. నా పేరుంటే చాలు, విలేకరులు మారు మాట్లాడకుండా వేసుకునేవాళ్ళు. ఇప్పుడు నా పేరు మీద ఏం వెళ్తోందో నాకే తెలియడం లేదు."

నాకు ఆయన మీద కోపం వచ్చింది. ఆ నాలుగు సెకన్లు లెక్కపెట్టినవాళ్ళ మీద అంతకంటే ఎక్కువ వచ్చింది. కానీ ఎదురుగా ఉన్నది ఆయనొక్కరే.

"మరి రాస్తారా?"

"రాస్తాను. చదవకుండా నొక్కిన తప్పు నాదేనని రాస్తాను. రోజుకు నలభై అలాగే నొక్కిస్తున్నారనీ రాస్తాను. ఆ రెండో ముక్క ఆఫీసువాళ్ళు కొట్టేస్తే రేపటి నుంచి నేను ఆ ఉద్యోగానికి వెళ్ళను. మూడింటికి పంపేస్తున్నాను."