అత్తమ్మ కోసం పెద్దక్షరాలు

ఆదివారం సాయంత్రం ఆరింటికి మా ఇంట్లో ప్రార్థన పెట్టుకుని కూడా ఐదింటిదాకా నేను మంచం మీంచి లేవలేకపోయాను. ముందు రాత్రంతా ఆస్పత్రిలో డ్యూటీ. ఇంకా పర్మినెంట్ కాని ఆయాను కదా, రోగులను ఎత్తడం, దించడం, పక్కలు మార్చడం. పొద్దున యాకుత్‌పురాలో ఇల్లు చేరగానే మళ్లీ అదే పని. మా అత్తమ్మ మాణిక్యమ్మకు పక్షవాతం వచ్చి, ఎడమ పక్క పడిపోయి పదిహేను నెలలైంది. ఆస్పత్రిలో అయితే కాళ్లు పట్టుకోవడానికి ఇంకో ఆయా ఉంటుంది. ఇంట్లో నేనొక్కదాన్నే. మా ఆయన ప్రేమ్‌రాజ్‌కు నీళ్ల పంపుహౌస్‌లో షిఫ్టులు. ఇంట్లో ఉన్న రోజు మంచి కొడుకే, ఉండడమే తక్కువ.

ఆ పొద్దున అత్తమ్మ పక్క రెండుసార్లు మార్చాను. మూడోసారికి నా నడుము పట్టేసింది. నేల మీద కూలబడి, ఫోన్ తీసి పాస్టరమ్మకు మెసేజ్ పెట్టాను. మా సంఘంలో ఆడవాళ్లం నలుగురిలో చెప్పుకోలేని ప్రార్థన అంశాలు ఆమెకే పంపుతాం. తాగొచ్చే మొగుళ్ల సంగతులన్నీ ఆమె ఫోన్లోనే ఉంటాయి, ఒక్కటీ బయటికి రాదు. నేను రాసింది ఇది: "అమ్మగారూ, మా అత్తమ్మను దేవుడు జల్ది తీస్కపోవాలని ప్రార్థన చేయండి. నాతోని అయితలేదు."

పంపాక కాసేపు భయమేసింది. తర్వాత మంచమెక్కితే నిద్ర పట్టింది. అంత బాగా నిద్రపోయి ఎన్నాళ్లయిందో.

సాయంత్రం అత్తమ్మే లేపింది. "బేబీ, టీవీల పాటలు పెడ్తవా బిడ్డా? బుక్కుల నాకు కండ్లు ఆనయి."

ఆమె పెద్దయ్యాక రాత్రి బడికి పోయి చదువు నేర్చుకుంది, బైబిలు సొంతంగా చదవాలనే పట్టుదలతో. ఇప్పుడు పాటల పుస్తకంలో అక్షరాలు కనిపించడం లేదు. అందుకే ప్రేమ్‌రాజ్ తన ఫోన్లోని పాటల పేజీలను టీవీ మీద చూపించడం మొదలుపెట్టాడు. నలభై మూడు అంగుళాల టీవీలో అక్షరాలు అరచేయంత కనిపిస్తే, ఆమె కూడబలుక్కుంటూ పాడేది. మిగతావాళ్లకు పాటలు నోటికి వచ్చు, కళ్లు మూసుకుని పాడతారు.

ఆ రోజు ప్రేమ్‌రాజ్ డ్యూటీలో ఉన్నాడు, పాటల పేజీలు నా ఫోన్‌కు పంపి పోయాడు. ఫోన్ చేస్తే, "ఏముంది, పైకెల్లి కిందికి గుంజు. స్మార్ట్ వ్యూ అని ఉంటది, ఒత్తు. మన టీవీ పేరొస్తది," అన్నాడు. గుంజాను. ఒత్తాను. పక్కింటి వాళ్ల టీవీ పేరొచ్చింది, మాది రాలేదు. వైఫై చూడమన్నాడు. టీవీ ఆపి మళ్లీ పెట్టమన్నాడు. స్మార్ట్ టీవీ అంట స్మార్ట్ టీవీ, పేరు గొప్ప ఊరు దిబ్బ. నాలుగోసారికి టీవీలో ఏదో నంబరు కనబడింది. దాన్ని ఫోన్లో కొట్టగానే నా ఫోన్లో ఉన్నదంతా గోడ మీది టీవీలోకి వచ్చేసింది.

"వచ్చిందే!" అని అత్తమ్మ కుడి చేత్తో మంచం పట్టెను కొట్టింది. చప్పట్లకు రెండో చెయ్యి లేవదు మరి.

మెసేజీలు పైన కనబడకుండా ముందే ఆపెయ్యాలని ప్రేమ్‌రాజ్ చెప్పలేదు. తను ఎప్పుడూ ఆపేవాడట. నాకేం తెలుసు?

ఆరింటికి సంఘ పెద్ద ఎల్లప్ప తాత కంజీరతో వచ్చాడు. పక్క గల్లీలో ఉండే నా స్నేహితురాలు సుజన, ఇంకో ముగ్గురు ఆడవాళ్లు చాప మీద కూర్చున్నారు. పాస్టరమ్మ రాలేదు, మాదన్నపేటలో ఇంకో ఇంట్లో ప్రార్థన ఉందట. అత్తమ్మను దిండ్లకు ఆనించి, ఫోన్ పట్టుకుని మంచం పక్కనే కూర్చున్నాను. చరణం మారినప్పుడల్లా పేజీ జరపడం నా పని.

రెండో పాట సగంలో ఉండగా టీవీలో పైన పాస్టరమ్మ పేరు వచ్చింది. దాని కింద, "బేబీ, అట్ల అడగొద్దమ్మా" అని ఉంది. గబుక్కున దాన్ని పక్కకు తోసెయ్యబోయి, చెమట వేలితో ఒత్తేశాను. మెసేజీలు మొత్తం తెరుచుకున్నాయి. పైన పొద్దున నేను రాసింది, కింద ఆమె జవాబు, టీవీ నిండా.

అందరి కళ్లూ మూసి ఉన్నాయి. కంజీర మోగుతూనే ఉంది. అత్తమ్మ పెదవులు మాత్రం పాట వదిలేసి నేను రాసినదాన్ని ఒక్కో అక్షరం చదువుతున్నాయి. ఏదైనా మొదలుపెడితే చివరిదాకా చదవడం ఆమెకు అలవాటు. వెనక్కి ఎలా పోవాలో నా చేతులకు తోచలేదు. తోచేసరికి ఆమె పెదవులు ఆగిపోయాయి. పాట పేజీ మళ్లీ వచ్చింది కానీ ఆమె పాడలేదు. నా వైపు చూడనూ లేదు.

సిగ్గుతో చచ్చిపోయాను. పదిహేను నెలల సేవ బూడిదలో పోసిన పన్నీరైందని ముందు నామీద నాకే జాలి వేసింది. తర్వాత ఆమె ముఖం చూశాను, ఏడుపొచ్చింది.

పాట అయిపోయింది. "ఇగ ఒక్కొక్కలం ప్రార్థన చేద్దాం," అన్నాడు ఎల్లప్ప తాత. "మాణిక్యమ్మా, నువ్వు మొదలువెట్టు."

అత్తమ్మ ప్రార్థనలోకి కొడుకు మొదలుకొని, గల్లీ వాళ్లు, రైళ్లు నడిపేవాళ్లదాకా అందరూ వస్తారు. పొయ్యి మీది అన్నం మాడిపోయినా ఆమెన్ రాదు. ఆ రోజు వాళ్లెవరూ రాలేదు. వంకరపోయిన నోటితో మెల్లగా అంది.

"తండ్రీ, నా కోడలు మస్తు అలిసిపోయింది. నేను గుర్తు వట్టలే. అది నిన్ను ఒకటి అడిగింది. దానికి గదే ఇయ్యి. జల్ది ఇయ్యి. ఆమెన్."

"ఆమెన్!" అన్నారందరూ, గట్టిగా. సుజన నా చెవిలో, "నీ కొలువు పర్మినెంట్ అయినట్టే పో. పెద్దామె ప్రార్థన ఊకె పోదు," అంది సంతోషంగా.

అత్తమ్మ కుడి చెయ్యి మెల్లగా వచ్చి నా తల మీద ఆగింది.

"నువ్వు ఆమెన్ అనలే బిడ్డా."

"అనను అత్తమ్మా," అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు, మళ్లీ అన్నాను. "నేను అనను."

అందరూ కళ్లు తెరిచి నన్నే చూశారు. "గదేంది బేబీ, నీ కోసమే అడిగె గదా ఆమె," అన్నాడు ఎల్లప్ప తాత. "అను తల్లీ, ఆమెన్ అను."

నేను అత్తమ్మ చెయ్యి రెండు చేతులతో పట్టుకుని ఏడుస్తూ కూర్చున్నాను. అనలేదు.