గోచి చీరలో రెండు చుట్లు

ఆగండాగండి, ఎక్కడికీ పోకండి, ముందు నర్మద సంగతి వినండి!

1961 జనవరి. నాన్నకు హైదరాబాదు నుంచి భైంసాకు బదిలీ అయింది. నేను అక్కడి ఆడపిల్లల బడిలో తొమ్మిదో తరగతిలో చేరాను. నా పక్కన కూర్చునేది నర్మద. చిన్నప్పటి నుంచీ పత్తి చేలల్లో తిరిగిన పిల్ల, పిక్కలు గట్టిగా, లావుగా ఉంటాయి. తరగతిలో అందరూ 'రోకలి కాళ్లు' అనేవాళ్లు. అందుకే తను లంగాను నేలను ఊడ్చేంత కిందికి కట్టేది. కూర్చున్నా నిలబడ్డా ఒక చెయ్యి ఆ లంగాను కిందికి లాగుతూనే ఉండేది!

ఒకరోజు బడి గంటకు ఆలస్యమైంది. ఎవరూ చూడట్లేదనుకుని నర్మద లంగా ఎత్తిపట్టి ఉరికింది. ఎడ్లబండిని దాటేసింది! నేను చూశాను. వెంటనే వెళ్లి జనవరి ఇరవయ్యారు ఆటల్లో పరుగు పందేనికి తన పేరు రాయించేశాను. తనని అడగనైనా లేదు.

మొదటి రోజు సాధనలోనే లంగా కాళ్లకు చుట్టుకుని బోర్లా పడింది.

"అగో, రోకళ్లు దొర్లినయ్!" అని మా తరగతి సరళ అరిచింది. "జర పక్కకు జరుగుండ్రే, మీద పడ్తే దంచుతయ్!"

మైదానమంతా నవ్వు. నర్మద మోచెయ్యి దులుపుకుంటూ, "నేనైతే ఉరక. నా పేరు కొట్టేయించు" అంది నాతో.

సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. వాళ్ల అమ్మమ్మ బాలవ్వ పత్తి ఏరి అప్పుడే వచ్చింది. ఆ పక్క ఆడవాళ్లందరిలాగే గోచి చీర, కాళ్ల మధ్య నుంచి తీసి వెనక్కి దోపి కట్టింది. నేను చెప్పిందంతా విని మనవరాలి పిక్క మీద ఒక్కటి చరిచింది.

"గివి నా పిక్కలే బిడ్డా! గీటితోనే నలభై ఏండ్లు మూటలు మోసిన. అప్పుడు ఎవలన్న నవ్విండ్రా? లంగా కట్టి చేన్లకు పోతే నేను గూడ పడ్తుంటి. లే, నా చీర కట్టుకో."

"బడికి గోచి కట్టుకొని పోతే నవ్వుతరే, అమ్మమ్మా!"

"పడ్తే గూడ నవ్విండ్రు గద? ఉరికితే నవ్వనీ!"

నర్మద చీర చేతిలోకి తీసుకుంది.

పది రోజులు చేను గట్ల మీద చలిలో ఉరికింది, నేను వెనకాల రొప్పుతూ, లెక్కపెడుతూ! పందెం రోజు తన లంగా మడిచి నా చేతిలో పెట్టి, అమ్మమ్మ పాత చీర గోచి పోసి కట్టి గీత దగ్గర నిలబడింది. మోకాళ్ల కింద పిక్కలు అందరికీ కనిపిస్తున్నాయి.

"అత్తగారొచ్చింది, దండం పెట్టుండ్రే!" అంది తన పక్కనే పందేనికి నిలబడ్డ సరళ.

మైదానం చుట్టూ రెండు చుట్లు. మొదటి చుట్టులో నర్మద మూడోది. రెండో చుట్టు మలుపులో సరళను దాటింది, ఆ తర్వాత ముందున్న పిల్లను! వేదిక ముందు కూర్చున్న నేను గొంతు పోయేలా అరిచాను!

బహుమతి ఇత్తడి చెంబు, తహసీల్దారు చేతుల మీదుగా, ఫోటోతో సహా. నర్మద వేదిక ఎక్కగానే పెద్ద పంతులమ్మ లీలాబాయి గారు ముఖం చిట్లించారు.

"గదేం కట్టుడు నర్మదా? ఫోటోల బడి ఇజ్జత్ పోతది. లంగా కట్టుకొని రాపో."

నర్మద చెయ్యి అలవాటుగా కిందికి పోయింది. లాగడానికి అక్కడ లంగా లేదు. చెయ్యి ఆగిపోయింది. తను నిటారుగా నిలబడింది.

"గిట్లనే ఉరికిన, బాయీ. గిట్లనే ఫోటో దిగుత. లేకుంటే చెంబొద్దు."

లీలాబాయి గారు నా వైపు తిరిగారు. "ఏ పిల్లా, దాని లంగా నీ దగ్గరనే ఉంది గద? తే!"

నేను చటుక్కున ఆ లంగాను కింద వేసి దాని మీద కూర్చున్నాను. పంతులమ్మ చెయ్యి చాచి నిలబడే ఉన్నారు. నర్మద నన్నే చూస్తోంది.

నేనైతే లేవలేదు. చెప్పండి, మీరైతే లేచి ఇచ్చేవారా?