రంగు మీద బిగించిన నట్లు

నేను ఒక చక్రాన్ని, కానీ జీవితంలో ఎక్కువ భాగం తిరగనే లేదు. బండి వెనక వేలాడుతూ, ఇంకో చక్రానికి ఎప్పుడు కాలం మూడుతుందా అని ఎదురుచూడడమే నా ఉద్యోగం. నన్ను స్టెప్నీ అంటారు. మనుషులకు నా మీద ఎంత నమ్మకమంటే, ఆ నమ్మకం కొద్దీ నా వంక ఒక్కసారి కూడా చూడరు.

ఇనుప రేకును గుండ్రంగా వంచి, మధ్యలో ఐదు చిల్లులు పొడిచి, రబ్బరు తొడిగి నన్ను లోకం మీదికి వదిలారు. నేను చేరిన బండి కారుకు తగిలించి లాక్కెళ్ళే చిన్న ఇల్లు. దానికి ఒకే ఇరుసు, రెండే చక్రాలు. లోపల రెండు మంచాలు, వంట గట్టు, గ్యాసు పొయ్యి, కిటికీలకు కర్టెన్లు. రోడ్లు సర్వే చేసే దొరగారి కోసం ఎప్పుడో కట్టించారు. ఆయన తన తడిసిన మేజోళ్ళు నా మీద ఆరేసుకునేవాడు. ఆయన తర్వాత బండి ఒక నాటకాల కంపెనీకి పోయింది. అక్కడ రాజు వేషం వేసేవాడు కిరీటం తీసి నాకు తగిలించి, బీడీ కాల్చుకునేవాడు. ఆ తర్వాత చాలా ఏళ్ళు కాకినాడలో ఒక షెడ్డులో పడి ఉన్నాం. నా రబ్బరు బీటలు వారింది, గాలి దానంతటదే పోయింది. అప్పుడు దిగాడు జోగారావు.

జోగారావు ఇంజనీరుగా చేసి రిటైరైనవాడు. ఆయనకు తెలియని సంగతి లేదు. ఆ తెలిసినదాంట్లో ఒక్కటీ చెయ్యకపోవడమే ఆయన ప్రత్యేకత. కొత్త అల్లుణ్ణి అరకు తీసుకెళ్ళాలని ఈ బండి కొన్నాడు. భార్య ప్రమీల లోపల పూల కర్టెన్లు కుట్టింది, నాకూ రామచిలకల బొమ్మలు కుట్టిన ముసుగు తొడిగింది. రోడ్డు మీది టైర్ల పగుళ్ళు కనపడకుండా నల్లటి పాలిష్ పట్టించారు. ఆ పైన జోగారావు వెండి రంగు డబ్బా తెచ్చి చక్రాలకు, ఇరుసు చివర్లకు, నట్లు కూర్చునే చోట్లకు దట్టంగా రంగు వేశాడు. నన్నూ వదల్లేదు. నట్టు ఇనుము మీద కూర్చోవాలి. రంగు మీద కూర్చుంటే, ఆ రంగు నలిగి రాలినంత మేరా నట్టు వదులైపోతుంది. ఈ సంగతీ ఆయనకు తెలుసు. తెలిసే రెండో పూత వేశాడు.

బయల్దేరే ముందు కారు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టారు. మా బండి కింద ఒక్కటీ పెట్టలేదు. దిష్టి కారుకే తగులుతుంది కాబోలు.

కారు తోలే జోగారావు పక్కన ముందు సీట్లో అల్లుడుగారు, వెనక ప్రమీల, కూతురు హారిక. వాళ్ళిద్దరి మధ్య ఒక మనిషికి చోటుంది. అక్కడ అల్లుడుగారి కోసం చేయించిన కాజాల బుట్ట పెట్టారు. ఇక మిగిలింది జోగారావు అక్క నరసాయమ్మ. మొగుడు పోయాక తమ్ముడి ఇంట్లోనే ఉంటోంది. ఆ ఇంటి వంట ఆవిడదే. ఎండలు పోయేలోగా ఒక్కసారి కొండలు చూపిస్తానని తమ్ముడు చెప్పడంతో, ఉతికిన చీర కట్టుకుని వాకిట్లో నిలబడి ఉంది.

అల్లుడుగారికి అప్పుడే ముచ్చట పుట్టింది. "మామయ్యగారూ, నేను ఈ బండిలో కూర్చుంటానండీ. పడుకుని కిటికీలోంచి చూసుకుంటూ వస్తాను."

జోగారావు ముఖం పాలిపోయింది. "అయ్యయ్యో, వద్దండి! నడిచే బండిలో మనిషి ఉండకూడదండి. చక్రానికేమైనా అయితే లోపలున్నవాళ్ళ పని అయిపోయినట్టే."

"మరి ఆ పెద్దావిడ ఎక్కుతున్నారు?"

"అక్కయ్యా? ఆవిడకి అలవాటేనండి."

ఆవిడకి దేనికి అలవాటో ఎవరూ అడగలేదు. నరసాయమ్మ ఎక్కి, పొయ్యి పక్కన కూర్చుని, కాళ్ళకు గిన్నెల మూట అడ్డం పెట్టుకుంది.

కొండలు ఇంకా మొదలవకముందే ఎడమ చక్రం పేలింది. పాలిష్ కింద దాచిన పగుళ్ళన్నీ ఒక్కసారిగా విచ్చుకున్నాయి. నా ముసుగు లాగేసి చూస్తే నాలో గాలి లేదు. జోగారావు నన్ను ఒక తన్ను తన్నాడు. నా తప్పేమిటో నాకు తెలియలేదు. దగ్గర్లో పంక్చరు షాపుంటే గాలి కొట్టించి, తీసుకొచ్చి ఇరుసుకు తగిలించాడు. రెండు కాళ్ళతో స్పానరు మీదెక్కి నిలబడి నట్లు బిగించాడు, వెండి రంగు మీదే. అల్లుడుగారు ఫోనులో వీడియో తీస్తున్నాడు కాబట్టి ఉపన్యాసం కూడా ఇచ్చాడు.

"చక్రం మార్చాక కొంచెం దూరం పోయి, ఆగి, మళ్ళీ నట్లన్నీ బిగించుకోవాలండి. చాలామందికి ఈ చిన్న సంగతి తెలియదు."

"అబ్బ, ఎంత బాగా చెప్పారండీ," అన్నాడు అల్లుడుగారు.

ఆ వీడియో ఇప్పటికీ ఎక్కడో తిరుగుతూ ఉండాలి.

మధ్యలో ఎక్కడా ఆగకుండానే ఘాట్ రోడ్డు ఎక్కాం. ఇన్నేళ్ళకు నేల మీద తిరుగుతున్నానన్న సంబరం నాకు మొదటి మలుపు దాకే మిగిలింది. రెండో మలుపులో రంగు నలగడం మొదలైంది. పెళ్ళలు పెళ్ళలుగా రాలింది. ముందు ఒక నట్టు కదిలింది, దాని వెనకే రెండోది. నేను ఇరుసు మీద అటూ ఇటూ ఊగుతూ టకటకమని కొట్టుకోసాగాను. సరిగ్గా నా పైనే నరసాయమ్మ ఉంది. ఆ చప్పుడు ఆవిడ పాదాలకు తగిలింది. వంగి నేల మీద అరచెయ్యి ఆనించి చూసి, వెంటనే ఫోను తీసింది.

"ప్రమీలా, కింద ఏదో కొట్టుకుంటోందే. తమ్ముణ్ణి ఆపమను."

ప్రమీల గొంతు బాగా తగ్గించి మాట్లాడింది. "పాత బండి కదా వదినగారూ, చప్పుడు చెయ్యకుండా ఉంటుందా? అల్లుడుగారు ఇప్పుడే కునుకు తీశారు. ఇప్పుడు ఆపితే లేచిపోతారు."

"ఒక్క నిమిషం ఆపమనవే. నాకు భయంగా ఉంది."

"అరకులో ఆపుతాం లెండి. ఈలోగా ఆ డికాషను దిగిందో లేదో చూస్తూ ఉండండి. లేవగానే కాఫీ అడుగుతారు."

నరసాయమ్మ ఇంకోసారి ఫోను చేసింది, ఎత్తలేదు. గరిటె తీసుకుని గోడ మీద కొట్టింది. ఆ గోడకు, కారుకు మధ్య గాలి తప్ప వినేవాళ్ళెవరున్నారు? చివరికి గరిటె పడేసి మంచం కోడు పట్టుకుని నేల మీద కూర్చుంది. ఉతికిన చీర అని కూడా చూసుకోలేదు.

ఎక్కుడు అయిపోయి దిగుడు మొదలైన చోట నా ఆఖరి నట్టు ఊడింది. ఇరుసును వదిలేసి నేను ముందుకు దొర్లాను. వాలు కదా, కారును కూడా దాటేశాను. జోగారావు కిటికీ తెరిచే ఉంది. ఆయన మాట నాకు స్పష్టంగా వినపడింది.

"అరెరే, ఎవరిదో చక్రం ఊడిపోయింది చూడు ప్రమీలా! ఈ జనానికి బొత్తిగా జాగ్రత్త లేదు."

వాళ్ళ వెనక ఇరుసు తారు మీద రాసుకుపోయి బండి ఎడమకు ఒరిగింది, లోయ అంచున కట్టిన పిట్టగోడకు గుద్దుకుని ఆగింది. ఆ గోడ లేకపోతే ఈ కథ చెప్పాలని నాకు ఉండేది కాదు. నేను వెళ్ళి రోడ్డు పక్కన మొక్కజొన్న పొత్తులు కాల్చే ఆవిడ బొగ్గుల కుంపటి దగ్గర పడ్డాను.

అల్లుడుగారికి ఎట్టకేలకు మెలకువ వచ్చింది. "మీకేం కాలేదు కదా బాబూ?" అని ప్రమీల ఆయన చెయ్యి పట్టుకుంది. జోగారావు దిగి, ఒంగి, ఇరుసు ఎంత అరిగిందో చూస్తున్నాడు. పొత్తులావిడే అరిచింది.

"ఓలమ్మా, లోన ముసిలమ్మున్నట్టుంది! ఏటి సూత్తారు బాబూ, తలుపు లాగండి!"

తలుపు లాగితే నరసాయమ్మ తనంతట తానే దిగింది. ఎడమ చెయ్యి మోచేతి దాకా వేడి డికాషను పడి కమిలిపోయింది. నుదుటి మీద చీరుకుపోయింది. నేరుగా వచ్చి, అడ్డంగా పడి ఉన్న నా మీద కూర్చుంది. పొత్తులావిడ చెంబుతో నీళ్ళు తెచ్చి ఆ చేతి మీద పోసింది. ఆ రోజు మొత్తంలో ఆవిడను ఒక మనిషి పట్టించుకోవడం అదే మొదలు. ఆవిడకు దొరికిన చోటు మాత్రం నేనే.

జోగారావు ఎవరెవరికో ఫోన్లు చేసి జీపు, మెకానిక్కు, వేరే చక్రం తెప్పించాడు. నా ఐదు చిల్లులూ సాగి కోలగా అయిపోయాయి కాబట్టి నేనిక పనికిరాను. మెకానిక్కు ఇనుప బ్రష్షుతో ఇరుసు గీకబోతే, "రంగు పోతుందయ్యా, జాగ్రత్త," అన్నాడు జోగారావు. అసహ్యం వేసింది నాకు. అంతకు ముందు వెయ్యలేదని కాదు.

"అక్కా, ఎక్కు. ఈసారి మెల్లగా పోనిస్తాలే," అన్నాడు.

నరసాయమ్మ లేవలేదు. కారు వెనక సీటు వైపు చూసింది. "ఆ బుట్ట డిక్కీలో పెట్టరా. నేను అక్కడ కూర్చుంటాను."

ఆవిడ ఆ ఇంట్లో నోరు తెరిచి అడిగిన మొదటి కోరిక అదేనేమో. జోగారావు ప్రమీల వంక చూశాడు. ప్రమీల అల్లుడుగారి వంక చూసింది. అల్లుడుగారు ఫోను వంక చూసుకున్నాడు. హారిక మాత్రం బుట్ట మీద చెయ్యి వేసి, తల్లి కళ్ళు చూసి, ఆ చెయ్యి తీసేసింది.

"కాజాలు నలిగిపోతాయి వదినగారూ," అంది ప్రమీల.

"అవునమ్మా, నలిగిపోతాయి," అని నరసాయమ్మ మెల్లగా లేచింది. బండిలోంచి తన సంచీ తీసుకుని రోడ్డు దాటింది. మేము వచ్చిన దారినే కొండ దిగి వెళ్ళే బస్సొకటి వస్తుంటే, కమిలిన చెయ్యే ఎత్తి ఆపింది.

కండక్టరు తలుపులోంచి వంగి చూశాడు. "సెయ్యికేటయ్యిందమ్మా? ఎక్కండి, ఎక్కండి. ముందు సీటు కాళీగుంది, అక్కడ కూకోండి."

"అక్కా! ఎక్కడికే? మరి వంటో?" అని అరిచాడు జోగారావు.

బస్సు ముందు సీటు దగ్గర కిటికీ అద్దం పక్కకు జరిగింది. ఆవిడ తమ్ముడి వైపు చూడలేదు. బయటికి, కొండల వైపు చూసింది. బస్సు మలుపు తిరిగింది.

నేను ఇక్కడే ఉండిపోయాను. పొత్తులావిడ నా మీద గోనెపట్టా పరిచి పీటలా వాడుకుంటోంది. కార్లు ఆపుకుని వచ్చేవాళ్ళు నా మీద కూర్చుని పొత్తులు తింటారు, చక్రం కథ విని పకపకా నవ్వుతారు, నాతో ఫోటోలు దిగుతారు. వెళ్ళేటప్పుడు ఒక్కరైనా వంగి తమ బండి నట్లు తడిమి చూస్తారేమోనని నేను ప్రతిసారీ చూస్తాను. పొత్తు కండె రోడ్డు మీద విసిరేసి, చేతులు నా గోనెపట్టాకే తుడుచుకుని, తలుపులు ధడేలుమని వేసుకుని వెళ్ళిపోతారు. వాళ్ళ కారు ముందు కట్టిన నిమ్మకాయ మాత్రం ఎప్పుడూ కొత్తదే.